పోటీ లెక్కలకు పిల్లలను సిద్ధం చేసే ఆదివారం తరగతి

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలకు గణిత పోటీల కోసం ప్రత్యేక తరగతి నడపదలచిన ఉపాధ్యాయులు, పై తరగతి పాఠాలను ముందే చెప్పేయడం మన పని కాదని మొదటే నిశ్చయించుకోవాలి. దారి తెలియని లెక్క ముందు ఓపికగా కూర్చోవడం అలవాటు చేయాలి. శ్రీకాకుళంలో నేను ఆదివారం ఉదయం రెండు గంటలు మాత్రమే తీసుకుంటాను. ప్రతి పిల్లవాడి నోటుబుక్కునూ స్వయంగా చూడాలి కనుక పదిహేను మందికి మించి చేర్చుకోను.

రోజుకు ఒకటి రెండు లెక్కలు చాలు, కానీ అవి లోతున్నవై ఉండాలి. పలాస జీడిపప్పు మన పిల్లలకు బాగా తెలుసు కాబట్టి నేను దానితోనే మొదలుపెడతాను: దుకాణంలో 3 కిలోల సంచులు, 5 కిలోల సంచులు మాత్రమే ఉన్నాయి, సంచి విప్పకుండా ఎన్ని కిలోలు అమ్మలేము? లెక్క చెప్పాక పది నిమిషాలు ఏమీ మాట్లాడకండి. పిల్లలు పట్టిక వేసుకుని 1, 2, 4, 7 అని తేలుస్తారు. ఏడు దాటాక అన్నీ కుదురుతాయని ఎలా చెప్పగలరని అప్పుడు అడగండి. ఇరవై దాకా చూశామని కొందరు అంటారు. అది సరిపోదని వాళ్లకే తోచేదాకా ఆగాలి. 8, 9, 10 వరుసగా కుదిరాయి, ప్రతిదానికీ 3 కిలోల సంచి కలుపుకుంటూ పోతే ఏ బరువూ తప్పిపోదు అన్న మాట ఒక పిల్ల నోట వచ్చిందంటే, ఆ మాటను ఆమె సొంత వాక్యాల్లోనే రాయించండి.

ఆ తర్వాత సంఖ్యలు మార్చి 4, 7 ఇవ్వండి. అమ్మలేని వాటిలో పెద్దది 17 అని వస్తుంది. రెండు సంఖ్యల లబ్ధంలోంచి ఆ రెండింటినీ తీసివేస్తే చాలునన్న సూత్రాన్ని మాత్రం మీరు చెప్పవద్దు. ఒక ఏడాది నేను తొందరపడి చెప్పేశాను. మరుసటి వారం 6, 9 ఇస్తే చాలామంది 39 అని రాశారు. 6, 9 రెండూ 3కు గుణిజాలే కనుక 40 కిలోలూ కుదరవని, 41 కూడా కుదరవని ఎవరూ చూడలేదు. గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) ఎందుకు నేర్చుకున్నామో పిల్లలకు తెలిసేది ఇలాంటి చోటే.

శేషాలు, సరి బేసి వాదనలు, లెక్కింపు పద్ధతులు కూడా ఇదే తీరున సాగాలి. జ్యామితి పటాలను చేత్తోనే గీయించండి.

పోటీల విషయానికొస్తే, ఎనిమిదో తరగతి నుంచి రాయగలిగే గణిత ఒలింపియాడ్ తొలి మెట్టు పరీక్ష ఐ.ఓ.క్యూ.ఎం.లో మూడు గంటల్లో 30 ప్రశ్నలుంటాయి. జవాబులన్నీ 00 నుంచి 99 లోపు పూర్ణాంకాలే. ఎంచుకోవడానికి ఐచ్ఛికాలు ఉండవు. దాని తర్వాతి మెట్టు ఆర్.ఎం.ఓ. (ప్రాంతీయ గణిత ఒలింపియాడ్)లో నిరూపణలు రాయాలి కాబట్టి, వాక్యాల్లో రాసే అలవాటు ఆరో తరగతిలోనే పడాలి. ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదివేవారి చేత కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతన పరీక్ష ఎన్.ఎం.ఎం.ఎస్. తప్పక రాయించండి. ఎంపికైనవారికి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు అందుతాయి. తండ్రి వలస కూలికి వెళ్లిన ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

పరీక్షకు రెండు నెలల ముందు నుంచి పాత ప్రశ్నపత్రాలను గడియారం పెట్టి రాయించండి. తప్పు పోయిన లెక్కల సాధనలు ఆ రోజే బల్లపై వేయకుండా, వారం పాటు ఇంటి దగ్గర మళ్లీ ప్రయత్నించనిచ్చి, వచ్చే ఆదివారం ఎవరు సాధిస్తే వారి చేతికే సుద్దముక్క ఇవ్వండి.