జేమ్స్ మిల్నర్ ఆటజీవితాన్ని అధ్యయనం చేసే విధానం

ఫుట్‌బాల్‌లో దీర్ఘకాలం ఆడిన మిడ్‌ఫీల్డర్‌ను (మైదానం మధ్యభాగంలో ఆడేవాడిని) అంచనా వేయదలచినవారు ముందుగా గోల్స్ పట్టికను పక్కన పెట్టి, ఏ సీజన్‌లో అతడు ఏ స్థానంలో ఆడాడో రాసుకోవాలి.

ఇంగ్లండ్ ఆటగాడు మిల్నర్ విషయంలో ఆరంభం 2002. లీడ్స్ యునైటెడ్ క్లబ్ తరఫున 16 ఏళ్లకే ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో అడుగుపెట్టిన అతడు, డిసెంబరు 26న సండర్లాండ్‌పై గోల్ చేసి, అప్పటికి ఆ లీగ్‌లో గోల్ చేసినవారందరిలోకీ పిన్నవయస్కుడయ్యాడు. ఆ తరువాత న్యూకాజిల్ క్లబ్‌లో గడిపిన కాలాన్ని త్వరగా దాటవచ్చు.

అసలు శ్రద్ధ పెట్టవలసినది 2009–10 సీజన్‌పై. మిడ్‌ఫీల్డర్ గారెత్ బ్యారీ ఆస్టన్ విల్లా క్లబ్‌ను విడిచి వెళ్లాక, అదే జట్టులో అంతవరకు మైదానం అంచున ఆడుతున్న మిల్నర్‌ను మేనేజర్ మార్టిన్ ఓ'నీల్ మధ్యలోకి తెచ్చారు. ఆ ఏడాదే అతడికి పీఎఫ్‌ఏ (వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంఘం) ఉత్తమ యువ ఆటగాడి పురస్కారం లభించింది. ఆ సీజన్ మ్యాచ్‌లు చూసేటప్పుడు బంతిని వదిలి అతడినే అనుసరించాలి: బంతి చేజారిన మరుక్షణం ఎటు పరుగెత్తుతున్నాడు, సహచరుడు ముందుకు వెళితే ఏర్పడిన ఖాళీని ఎంత వేగంగా పూడుస్తున్నాడు అన్నవి గమనించాలి. ముఖ్యాంశాల వీడియోలలో ఇవి దాదాపు కనిపించవు కనుక పూర్తి మ్యాచ్ చూడటమే మేలు.

మాంచెస్టర్ సిటీతో రెండు లీగ్ టైటిళ్లు గెలిచి 2015లో లివర్‌పూల్ చేరిన అతడు, 2016–17లో ఎడమ బ్యాక్‌గా (ఎడమవైపు రక్షణ ఆటగాడిగా) ఆడాడు. కుడికాలి ఆటగాడికి ఇది సులభం కాదు. మరుసటి ఏడాది తిరిగి మధ్యకు వచ్చి ఐరోపా క్లబ్‌ల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌లో 9 అసిస్టులు (సహచరుల గోల్స్‌కు దారితీసిన పాస్‌లు) అందించాడు. ఈ రెండు సీజన్లను పక్కపక్కన పెట్టి చూసిన తరువాతే, 2023లో బ్రైటన్ క్లబ్ అతడిని ఎందుకు తీసుకుందో పరిశీలించాలి.