గుంట ఛాతీ: పిల్లల స్కాన్‌లో హాలర్ ఇండెక్స్ తప్పు లేకుండా కొలవడం

ఛాతీ నడిమి ఎముక (స్టెర్నమ్) లోపలికి కుంగి, రొమ్ము మీద గుంట పడితే దాన్ని పెక్టస్ ఎక్స్‌కవేటమ్ అంటారు. పిల్లల్లో ఛాతీ గోడ లోపాలన్నిటిలోకీ ఎక్కువగా కనబడేది ఇదే. ఆడపిల్లల్లో కన్నా మగపిల్లల్లో ఎక్కువ. గుంట కంటికి కనబడుతూనే ఉంటుంది కాబట్టి, స్కాన్ తీసేది అది ఎంత లోతుందో అంకెలో చెప్పడానికే. ఆ అంకే హాలర్ ఇండెక్స్: ఛాతీ లోపలి వెడల్పును, స్టెర్నమ్ నుంచి వెన్నుపూసకు ఉన్న దూరంతో భాగిస్తే వచ్చేది. 1987 నుంచి వాడుకలో ఉంది. మామూలు ఛాతీకి 2.5 దగ్గర వస్తుంది, 3.25 దాటితే ఆపరేషన్ మాట వస్తుంది. ఇబ్బందల్లా ఆ అంకె గుంటను బట్టే కాక, బొమ్మ తీసిన తీరును బట్టి కూడా మారిపోవడం.

ఎవరికి, ఏది తీయాలి

నాలుగైదేళ్ల పిల్లలకు సీటీ జోలికి పోకపోవడమే మంచిది. ఎదుగుదల జోరందుకునే వయసులోనే గుంట లోతు పెరుగుతుంది. ఆపరేషన్ ఆలోచన కూడా చాలావరకు అప్పుడే. అంతవరకూ ఫొటోలూ, ఏటా ఓ పరీక్షా చాలు. మత్తు ఇచ్చి తీస్తే పిల్లాడు చెప్పినట్టు ఊపిరి బిగపట్టలేడు, వచ్చిన అంకెకు విలువ ఉండదు.

మొదటి మెట్టు రెండు ఎక్స్‌రేలు: ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి. రెండూ 180 సెంటీమీటర్ల దూరం నుంచే తీయాలి, లేకపోతే నిష్పత్తి చెడుతుంది. పక్క బొమ్మలో చేతులు పైకెత్తించాలి, ఒళ్లు ఏమాత్రం తిరగకూడదు. తప్పు దొర్లేది ఎక్కువగా ఇక్కడే. గుంట ఛాతీలో పక్కటెముకల ముందు అంచులు స్టెర్నమ్ కన్నా ముందుకు కనబడతాయి. ఆ గీతనే స్టెర్నమ్ అనుకుని కొలిస్తే ఇండెక్స్ తక్కువ వస్తుంది. ఎదురు బొమ్మలో గుండె ఎడమకు జరిగి, దాని కుడి అంచు చెరిగిపోయినట్టు ఉంటుంది. దాన్ని చూసి న్యుమోనియా అని యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు పక్క బొమ్మ ఒకసారి చూడండి.

ఆపరేషన్ ఆలోచన ఉంటేనే తర్వాతి మెట్టు. ఎంఆర్ఐ ఉంటే అదే మేలు: రేడియేషన్ లేదు, రంగు మందు అక్కర్లేదు, ఛాతీని అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మలు (అడ్డకోతలు) వేగంగా తీసే సీక్వెన్సులతో కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. సీటీయే గతి అయితే తక్కువ డోసులో, సన్నటి పిల్లలకు 80 కేవీ (ఎక్స్‌రే ట్యూబు వోల్టేజీ) దగ్గర, రంగు మందు లేకుండా, ఒక్కసారే తీయాలి. ఊపిరితిత్తుల వివరాల కోసం డోసు పెంచకండి. ఎముక అంచులు తెలిస్తే మన పని అయిపోతుంది.

ఊపిరి

ఊపిరి పీల్చినప్పుడు స్టెర్నమ్ ముందుకు లేస్తుంది, ఇండెక్స్ తగ్గుతుంది. వదిలినప్పుడు పెరుగుతుంది. ఛాతీ లోపలి వెడల్పు 231 మిల్లీమీటర్లు, స్టెర్నమ్ నుంచి వెన్నుపూసకు 66 అనుకుందాం: ఇండెక్స్ 3.5. అదే పిల్లాడు గట్టిగా పీల్చి ఆ 66 కాస్తా 72 అయితే 3.2. ఆరు మిల్లీమీటర్ల తేడాతో 3.25 గీత ఇవతలికి వచ్చేశాడు.

అందుకే బల్ల ఎక్కించక ముందే రెండు మూడు సార్లు సాధన చేయించండి: "నాన్నా, ఊపిరి పీల్చు, వదిలెయ్, ఇప్పుడు కదలకు." పీల్చి తీశారో వదిలి తీశారో రిపోర్టులో రాయండి. మళ్లీ తీసినప్పుడూ అదే పద్ధతి. ఒకసారి అలా, ఒకసారి ఇలా తీసి "గుంట పెరిగింది" అంటే ఆ మాటకు అర్థం లేదు.

కొలత

స్టెర్నమ్ అన్నిటికన్నా లోతుగా ఉన్న అడ్డకోతను ఎంచుకోండి. అది సాధారణంగా స్టెర్నమ్ కింది భాగంలో ఉంటుంది. అదే కోతలో పక్కటెముకల లోపలి అంచు నుంచి లోపలి అంచుకు వెడల్పు కొలవండి. తర్వాత స్టెర్నమ్ వెనక అంచు నుంచి వెన్నుపూస ముందు అంచుకు అన్నిటికన్నా తక్కువ దూరం. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. వెడల్పు ఇంకో కోతలో ఎక్కువుందని అక్కడ కొలిస్తే ఇండెక్స్ ఊరికే పెరుగుతుంది.

ఛాతీ పుట్టుకతోనే బల్లపరుపుగా ఉన్న పిల్లలకు, గుంట పెద్దగా లేకపోయినా హాలర్ ఇండెక్స్ ఎక్కువ వస్తుంది. పీపాలాంటి ఛాతీలో లోతైన గుంట ఉన్నా తక్కువ వస్తుంది. కాబట్టి గుంట లోతును శాతంలో చెప్పే కరెక్షన్ ఇండెక్స్ కూడా ఇవ్వడం మంచిది. అదే కోతలో వెన్నుపూస ముందు అంచును తాకుతూ అడ్డగీత గీయండి. ఆ గీత నుంచి ఛాతీ గోడ లోపలివైపు అన్నిటికన్నా ముందుకున్న చోటికి 99, స్టెర్నమ్‌కు 66 వస్తే తేడా 33. దాన్ని 99తో భాగిస్తే 33 శాతం. 10 దాటితే గుంట ఉన్నట్టు, 28 దాటితే తీవ్రమైనట్టు లెక్క.

స్టెర్నమ్ ఓ పక్కకు తిరిగి ఉంటే ఆ కోణం, వెన్ను వంకర ఉంటే అదీ, గుండె ఎటు నొక్కుకుందో కూడా రాయాలి. పిల్లాడు బాగా పొడుగ్గా, పొడవాటి వేళ్లతో ఉంటే మార్ఫాన్ (గుండె, రక్తనాళాలను కూడా దెబ్బతీసే జన్యు జబ్బు) అనుమానంతో ఎకో, అంటే గుండె అల్ట్రాసౌండ్, అడగండి.

ముందుకు పొడుచుకొచ్చిన ఛాతీకి, అంటే కారినేటమ్‌కు, చాలావరకు ఎక్స్‌రేలే సరిపోతాయి. ఓ పక్క చిన్న గడ్డలా తగిలితే ముందు అల్ట్రాసౌండ్ చేయండి. అది వంగిన మెత్తటి ఎముక (కార్టిలేజ్) కావచ్చు, అది ఎక్స్‌రేలో పడదు.

నస్ పద్ధతిలో (స్టెర్నమ్ వెనక లోహపు కడ్డీ పెట్టి గుంటను పైకి లేపే ఆపరేషన్) కడ్డీ వేశాక మొదటి ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందేమో చూస్తాం. తర్వాతి వాటిలో కడ్డీ తిరిగిందేమో చూడాలంటే పక్క బొమ్మ తప్పనిసరి. ఎదురు బొమ్మ ఒక్కటే చూస్తే తిరిగిన కడ్డీ తప్పిపోవచ్చు.