‘మై ఫాదర్ ఆర్ కమింగ్’: ఈ తప్పు ఎక్కడ పుడుతోంది?

తిరుపతిలో మా ఇంటి వరండాలో సాయంత్రం పూట ఇంగ్లీషు ట్యూషన్ చెబుతుంటాను. కర్త ఏకవచనమైతే క్రియ కూడా ఏకవచనం అనే రూలు వచ్చినవాళ్లందరికీ నోటికొచ్చు. రాసేటప్పుడు మాత్రం చెయ్యి తెలుగు రూలు ప్రకారం పోతుంది. అందుకే తప్పును దిద్దే ముందు అది తెలుగులో ఎక్కడ మొదలైందో చూస్తాను.

సమస్య: ‘మై ఫాదర్ ఆర్ కమింగ్ ఫ్రం చిత్తూర్’

‘మా నాన్నగారు వస్తున్నారు’ అన్నప్పుడు వచ్చేది ఒక్కరే. ఆ ‘రు’ గౌరవం కోసం పెట్టింది. ఇంగ్లీషు క్రియ గౌరవం చూడదు, తలలు లెక్కబెడుతుంది. తండ్రయినా, కలెక్టరైనా, ప్రిన్సిపాలైనా ‘ఈజ్’, ‘హ్యాజ్’ అనే రాయాలి.

దీనికి మందు మన పల్లెల్లోనే ఉంది. మా వైపు ‘మా నాయన వస్తాండాడు’ అంటారు. ఆ వాక్యాన్ని మనసులో అనుకుని రాయండి, ‘ఈజ్’ దానంతటదే పడుతుంది.

మరి ఎదురుగా ఒక్కరే ఉన్నా ‘యూ ఆర్’ అంటాం కదా అని అడుగుతారు. పాత ఇంగ్లీషులో ఒక్కరిని ‘దౌ’ అనేవారు, ‘యూ’ పలువురికి. మర్యాద కోసం ఒక్కరిని కూడా ‘యూ’ అనడం మొదలై, ‘దౌ’ వాడుకలోంచి జారిపోయింది. అచ్చం మన ‘మీరు’ కథే.

సమస్య: ‘వాటర్ ఆర్ నాట్ కమింగ్’

కొళాయిలో నీళ్లు ‘వస్తాయి’, పొయ్యి మీద పాలు ‘పొంగుతాయి’, జేబులో డబ్బులు ‘ఉంటాయి’. తెలుగులో ఇవన్నీ బహువచనాలే. ఇంగ్లీషులో వాటర్, మిల్క్, మనీ లెక్కకు రాని పదార్థాలు కాబట్టి ‘ఈజ్’ అనాలి. దీనికి తిరగబడ్డవీ ఉన్నాయి. మనకు కత్తెర ఒకటే, ఫ్యాంటు ఒకటే. వాళ్లకు ‘సిజర్స్ ఆర్’, ‘ట్రౌజర్స్ ఆర్’. రెండు ముక్కలు జతగా ఉన్నాయని వాళ్ల లెక్క. వీటిని జాబితా రాసుకుని గుర్తుపెట్టుకోవడమే, దగ్గరి దారి లేదు.

సమస్య: ‘ద ప్రైస్ ఆఫ్ తోతాపురి మ్యాంగోస్ ఆర్ లో’

పరీక్షల్లో మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. దామలచెరువు మామిడి మండీలో ఎవరైనా ‘తోతాపురి కాయల ధర తగ్గింది’ అంటారు. ‘ధర’ పక్కనే ‘తగ్గింది’. అసలు కర్త క్రియను ఆనుకునే ఉంది. ఇంగ్లీషులో వరస తిరగబడుతుంది. ‘ప్రైస్’ ముందెక్కడో ఉండిపోతుంది, క్రియ పక్కకు ‘మ్యాంగోస్’ వచ్చి కూర్చుంటుంది. పక్కనున్నదాన్నే కర్తగా చూసే మన అలవాటు దానికి ‘ఆర్’ తగిలిస్తుంది.

పరిష్కారం: ‘ఆఫ్’ నుంచి క్రియ దాకా వేలితో మూసేయండి. ‘ద ప్రైస్ … ఈజ్ లో’ మిగులుతుంది. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ వర్క్స్ ఇన్ తిరుమల’ కూడా అంతే. పనిచేసేది ఒక్కడే.

అయితే ఈ వేలు చిట్కా ‘ఎ లాట్ ఆఫ్’, ‘సమ్ ఆఫ్’, ‘మోస్ట్ ఆఫ్’ దగ్గర పనికిరాదు. అక్కడ ‘ఆఫ్’ తర్వాతున్న మాటే చూడాలి: ‘ఎ లాట్ ఆఫ్ పిల్‌గ్రిమ్స్ ఆర్ వెయిటింగ్’, ‘ఎ లాట్ ఆఫ్ వాటర్ ఈజ్ వేస్టెడ్’. ఇక ‘ద నంబర్ ఆఫ్ పిల్‌గ్రిమ్స్’ అంటే సంఖ్య, దానికి ‘ఈజ్’. ‘ఎ నంబర్ ఆఫ్ పిల్‌గ్రిమ్స్’ అంటే చాలామంది, దానికి ‘ఆర్’. బ్యాంకు పరీక్షకు చదివేవాళ్లు ఈ రెండింటినీ గోడ మీద రాసుకున్నా తప్పులేదు.

సమస్య: ‘ఎవ్రీవన్ హ్యావ్ కమ్’

‘అందరూ వచ్చారు’ ప్రభావం. ఎవ్రీవన్‌లో ‘వన్’ ఉంది కదా, ‘హ్యాజ్’ రాయండి.

సమస్య: ‘ద వ్యాన్ స్టాప్ ఎట్ అలిపిరి’, ‘హి డోంట్ నో’

నామవాచకానికి ఎస్ చేరిస్తే బహువచనం, క్రియకు చేరిస్తే ఏకవచనం. ఈ తిరకాసుకే పిల్లలు బేజారవుతారు. నేను చెప్పేది, రెండింటికీ కలిపి ఒకటే ఎస్ ఉందనుకోమని. ‘ద వ్యాన్ స్టాప్స్’ అంటే అది క్రియ దగ్గరుంది. ‘ద వ్యాన్స్ స్టాప్’ అంటే కర్త దగ్గరికి పోయింది. ‘చిల్డ్రన్’ లాంటి మాటలు ఈ లెక్కలో ఇమడవు, ‘ఐ’, ‘యూ’లూ అంతే. ‘డోంట్’ తప్పుకు కారణం ‘తెలీదు’. నాకూ తెలీదు, వాడికీ తెలీదు, వాళ్లకూ తెలీదు. మాట మారదు. ఇంగ్లీషులో ‘హి డజంట్ నో’. ఎస్ ‘డజ్’లోకి వెళ్లిపోయింది కాబట్టి ‘నోస్’ అని మళ్లీ రాయొద్దు.

క్రికెట్ కామెంటరీలో ‘ఇండియా ఆర్ బ్యాటింగ్’ అని విని వచ్చి నన్ను నిలదీసే కుర్రాడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు. అది తప్పు కాదు. జట్టును పదకొండు మందిగా చూడటం బ్రిటిష్ వాడుక. అమెరికా వాళ్లయితే ‘ఈజ్’ అంటారు. పరీక్షలో మాత్రం ‘ద టీమ్ ఈజ్’ అని రాసి రమ్మంటాను.