ట్రౌట్ ముట్టడం లేదా? ఫ్లై మార్చే ముందు ఇవి చూడండి

మన ఊరి చెరువు గట్టు మీద వెదురు కర్ర, బెండు, వానపాముతో గాలం వేసిన అలవాటుతో ఇంగ్లండ్‌లో ట్రౌట్ అనే చేపని పట్టే చెరువుకి వెళ్తే మొదటి రోజు ఖాళీ చేతులతోనే రావాల్సి ఉంటుంది. నేనూ అలాగే వచ్చాను, హాంప్‌షైర్‌లో ఒక చిన్న చెరువు నుంచి, రెండు చేపలు పట్టుకెళ్లొచ్చనే టికెట్ కొనుక్కుని మరీ. ఇక్కడ ఎర ఉండదు, ఈకలూ వెంట్రుకలూ కట్టిన హుక్ ఉంటుంది, దాన్నే ఫ్లై అంటారు. దానికి బరువు ఉండదు కాబట్టి బరువంతా లైన్‌లోనే పెడతారు, మనం విసిరేది నిజానికి లైన్‌నే.

ఈ చిన్న చెరువుల్లో ఎక్కువగా ఉండేవి హేచరీలో పెంచి తెచ్చి వదిలిన రెయిన్‌బో ట్రౌట్. పట్టుకెళ్లినవాటి బదులు మళ్లీ తెచ్చి వదులుతూనే ఉంటారు. కాబట్టి చేపలే లేవనే సాకు మనకి లేదు. చోటు, లోతు, లాగే వేగం, ఈ మూడూ మార్చి చూశాకే ఫ్లై మార్చండి. చాలామంది చేసేది దీనికి సరిగ్గా ఉల్టా, పెట్టెలో ఉన్న ఫ్లైలన్నీ ఒకదాని తర్వాత ఒకటి కట్టి, అన్నిటినీ ఒకే లోతులో, ఒకే వేగంతో లాగి, చివరికి వాతావరణాన్ని తిట్టుకుంటూ ఇంటికి పోతారు.

గంట దాటింది, ఒక్కటీ తగల్లేదు

పదిలో ఎనిమిదిసార్లు లోతే కారణం అని నా అనుభవం. చేపలు ఎనిమిది అడుగుల లోతులో తిరుగుతుంటే మీ ఫ్లై రెండడుగుల లోతులో పోతోంది. విసిరాక వెంటనే లాగడం మొదలుపెట్టకండి, లెక్కపెట్టండి. మొదటిసారి ఐదు దాకా, తర్వాత పది, పదిహేను, ఇరవై. నాచు తగిలిందంటే అడుగుకి చేరినట్టు, కాస్త తగ్గించుకోండి. ఏ లెక్క దగ్గర చేప తగిలిందో ఆ లెక్కనే మళ్లీ మళ్లీ వాడండి. తేలే లైన్‌తో అంత లోతుకి పోలేకపోతే పొడవాటి లీడర్ (లైన్ కొసకీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి దారం), బరువు చుట్టిన ఫ్లై వాడొచ్చు, లేదా నెమ్మదిగా మునిగే ఇంటర్మీడియట్ లైన్‌కి మారొచ్చు.

లోతు సరిచూసినా తగలకపోతే చోటు మారండి. కొత్తగా వదిలిన చేపలు కొన్ని రోజులు గుంపుగానే తిరుగుతాయి, తరచు ఒడ్డు వెంబడే. ఒకాయన వరసగా రెండు పట్టాడంటే గుంపు అటు ఉందన్నమాట. అలాగని వెళ్లి ఆయన పక్కన నిలబడకండి, పద్ధతి కాదు, ఆయన వెళ్లేదాకా ఆగండి. ఇంకో మాట, నీళ్ల అంచు దాకా వెళ్లి నిలబడి దూరంగా విసరడం చాలామంది అలవాటు. చేప మీ కాళ్ల దగ్గర ఐదడుగుల దూరంలోనే ఉండొచ్చు. ముందు గట్టుకి వెనకగా నిలబడి, దగ్గర నీళ్లు చూసుకుని, తర్వాత దూరం పొండి.

పైన వలయాలు లేస్తున్నాయి, నీటి మీద తేలే డ్రై ఫ్లై మాత్రం ముట్టవు

కొత్తవాళ్లని బాగా ఏడిపించేది ఇదే. నీళ్ల మీద వలయం కనబడగానే చేప పైన తేలే పురుగుని తిన్నదనుకుంటాం. కాసేపు కళ్లు పెట్టి చూడండి. ముక్కు బయటికి వచ్చి, వలయం మధ్యలో ఒక బుడగ మిగిలితే నిజంగానే పైన తిన్నట్టు. ముక్కు కనపడకుండా వీపు, తోక మాత్రమే మెల్లగా దొర్లినట్టు కనిపిస్తే అది తింటున్నది నీటి పొరకి అంగుళం రెండంగుళాల కింద. అక్కడుండేది బజ్జర్, అంటే దోమలా ఉండి కుట్టని ఒక పురుగు, రెక్కలు రాకముందు దశలో నీటి పొర కింద వేలాడుతూ ఉంటుంది.

దీనికి డ్రై ఫ్లై తీసేసి ఆ పురుగులా చేసిన 12 లేదా 14 సైజు నల్ల బజ్జర్ ఫ్లై కట్టండి, లేదా డియావల్ బాఖ్ అనే ఫ్లై. వేల్స్ భాషలో ఆ పేరుకి చిన్న దెయ్యం అని అర్థం. దాని ఒంటికి చుట్టేది మన నెమలి ఈక పోగులే, చిన్నప్పుడు పుస్తకంలో పెట్టి పిల్లలు పెడుతుందని ఎదురుచూసిన ఈకే, చూడగానే నాకు నవ్వొచ్చింది. లీడర్ 12 అడుగులైనా ఉండాలి. అసలు చిక్కు ఎక్కడంటే, లీడర్ మీద చేతి జిడ్డు ఉంటే అది మునగదు, నీటి మీద గీతలా మెరుస్తుంది, చేప దాన్ని చూసి పక్కకి పోతుంది. చెరువు గట్టు బంకమట్టిలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి లీడర్‌కి రుద్దండి, మునుగుతుంది. తర్వాత ఫ్లైని లాగొద్దు. గాలికి అది కొట్టుకుపోతుంటే వదులైన లైన్ మాత్రం చుట్టుకుంటూ ఉండండి. లైన్ కొస కొంచెం కదిలినా కర్ర ఎత్తేయాలి.

వెనకే వస్తాయి, నోరు తెరవవు

వేగం నచ్చలేదని అర్థం. ఒకే వేగంతో లాగుతుంటే చేప వెంబడిస్తూ వచ్చి గట్టు కనపడగానే తిరిగిపోతుంది. మధ్యలో ఒకసారి ఆపండి, రెండు సెకన్లు, తర్వాత గబగబా రెండు లాగుళ్లు. లాగడం అయిపోయాక ఫ్లైని వెంటనే గాల్లోకి లేపకుండా, కర్ర నెమ్మదిగా ఎత్తి ఫ్లైని కాళ్ల దగ్గరే ఐదారు సెకన్లు వేలాడదీయండి, సగం చేపలు నాకు అక్కడే పడ్డాయి. అప్పటికీ ముట్టకపోతేనే చిన్న ఫ్లై, ముదురు రంగు. వదిలిన మొదటి రోజుల్లో తెల్లటివీ నారింజవీ లూర్‌లనే పెద్ద ఫ్లైల మీద ఎగబడిన చేపలే నాలుగు రోజులు దెబ్బలు తిన్నాక వాటిని చూస్తే పారిపోతాయి.

తగులుతోంది, నిలవట్లేదు

హుక్ మొన చూడండి. బొటనవేలి గోటి మీద పెట్టి జార్చితే దిగబడాలి, జారిపోతే మొద్దుబారింది. వెనక్కి విసిరినప్పుడు రాళ్లకి తగిలి మొన విరిగిపోవడం మామూలే, ఒకసారి నేను ఇరవై నిమిషాలు మొన లేని హుక్‌తో తపస్సు చేశాను. మొన బాగుంటే మీ కర్ర పైకెత్తి పట్టుకున్నారేమో చూసుకోండి. కర్ర కొస నుంచి నీటికి వదులుగా వేలాడే లైనే చేప కొరికిన సంగతి మీకు తెలియనివ్వదు. కొసని నీటికి ఆనించినంత కిందికి దించండి.

లీడర్ తెగిపోతోంది

గాలిలో విసిరేటప్పుడు లీడర్‌లో వాటంతటవే పడే ముడులే ఎక్కువగా దొంగలు. అలాంటి ముడి ఒక్కటి పడితే దారం బలం దాదాపు సగానికి పోతుంది. ప్రతి పది విసుర్లకీ వేళ్ల మధ్య లాగి చూసుకోండి, ముడి దొరికితే విప్పుతూ కూర్చోవద్దు, ఆ ముక్క కోసేసి కొత్తది కట్టండి. కట్టే ముడిని ఉమ్మితో తడిపి బిగించాలి, పొడిగా లాగితే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది. ఇలాంటి చెరువులకి 3 పౌండ్ల బరువుకే తెగే దారం వాడకండి, 5 లేదా 6 పౌండ్లకి ఆగాలి.

పొద్దున పడ్డాయి, మధ్యాహ్నానికి చచ్చినట్టు ఆగిపోయింది

ఎండాకాలమైతే థర్మామీటర్ ముంచండి. రెయిన్‌బోకి 10 నుంచి 16 డిగ్రీల నీళ్లు హాయి. 20 దగ్గరికి వస్తే నీటిలో ఆక్సిజన్ తగ్గి చేప తిండి మీద ధ్యాస వదిలేస్తుంది. లోతైన చోటు, ఊట నీళ్లు వచ్చే మూల, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్ తిరిగే పక్క వెతకండి. 20 దాటాక పట్టి వదిలేద్దామనుకోవద్దు, అలసిపోయిన చేప ఈదుకుంటూ వెళ్లినట్టే కనపడి తర్వాత చచ్చిపోవచ్చు. చాలా చెరువులు అలాంటి రోజుల్లో పట్టి వదలడం ఆపేస్తాయి, బోర్డు చూడండి. తినడానికి తీసుకెళ్లే చేపనైతే ఒడ్డున కొట్టుకోనివ్వకుండా వెంటనే తల మీద ఒక్క దెబ్బతో చంపాలి, ఆ చిన్న కర్రని ఇక్కడ ప్రీస్ట్ అంటారు, పూజారి అన్నమాట. టికెట్‌లో రాసిన లెక్క పూర్తయిందా, కర్ర మడిచేయాల్సిందే, ఇంకో టికెట్ కొంటే తప్ప.