లాగుతుంది సరే, మోస్తుందా? పెద్ద క్యాంపర్ ట్రైలర్‌కు వాహనం కొనేముందు

పోయిన నెల మాకు తెలిసిన ఒకాయన క్యాంపర్ ట్రైలర్, అంటే వాహనం వెనుక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, రోడ్డు పక్కన బోల్తాపడింది. రోడ్డు సాఫీగానే ఉంది, దిగుడు కూడా పెద్దదేమీ కాదు. పక్కనుంచి దూసుకుపోయిన లారీ గాలికి ట్రైలర్ తోక ఒకసారి ఊగింది, రెండోసారి ఇంకాస్త ఊగింది, మూడోసారికి తనను లాగుతున్న వాహనాన్నే అడ్డంగా తిప్పేసింది. సీటు బెల్టులు పెట్టుకోబట్టి నలుగురూ చిన్న దెబ్బలతో బయటపడ్డారు. కలిసినప్పుడు ఆయన అన్న మొదటి మాట: "నా బండి 3,400 కిలోలు లాగుతుందండీ, ట్రైలర్ అంత బరువు లేదు కదా!" ఇదే మాట నేను ఇంతకుముందూ విన్నాను, ఇలాంటి సందర్భాల్లోనే.

నిద్రమత్తులో నడపకండి, అద్దాలు సరిచూసుకోండి లాంటివి మీకు తెలిసినవే. వాటి జోలికి వెళ్లను.

లాగడం వేరు, మోయడం వేరు

ఎద్దుబండి తోలినవారికి ఇది చెప్పనక్కర్లేదు. సరుకు ముందుకు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడను నొక్కుతుంది, వెనక్కి ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది. ట్రైలరూ అంతే. పెద్ద క్యాంపర్ల విషయంలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ను తగిలించే అమరిక) మీద, అంటే మీ వాహనం తోక మీద నేరుగా కూర్చోవాలి. బాగా తగ్గితే ట్రైలర్ ఊగుతుంది. ఆ భారాన్ని వాహనం లాగదు, మోస్తుంది. ఎంత మోయగలదో చెప్పే అంకెనే పేలోడ్ అంటారు. మనుషులు, సామాను, హిచ్ మీది భారం అన్నీ ఆ ఒక్క ఖాతాలోంచే ఖర్చవుతాయి.

ఆయన వాహనం డ్రైవర్ తలుపు తెరిచి, పక్కనున్న స్టిక్కర్ చూశాం. పేలోడ్ 620 కిలోలు, డ్రైవర్‌తో కలిపి. ట్రైలర్ ప్రకటనలో బరువు 2,300 అని ఉంది. అది ఖాళీ బరువు. 150 లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే 150 కిలోలు. ఆపైన గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీలు, పరుపులు, గిన్నెలు, కుర్చీలు. విచిత్రం ఏమిటంటే, అంతా నింపాక కాటా వేయించిన చీటీ ఆయన దగ్గరే ఉంది: 2,900. అందులో 13 శాతం చొప్పున హిచ్ మీద 377. నలుగురు మనుషులు 290. హిచ్ సామగ్రి 35. డిక్కీలో జనరేటరు, పనిముట్లు 80. కూడితే 782. లాగే అంకెలో ఇంకా 500 కిలోలు మిగిలే ఉన్నాయి. మోసే అంకె మాత్రం 162 కిలోలు దాటిపోయింది. చీటీ చేతిలో పెట్టుకుని ఆయన పోల్చి చూసింది 3,400తోనే.

తోక కుంగితే ముక్కు లేస్తుంది. ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది, అక్కడ టైర్ల పట్టు సడలుతుంది. రాత్రిపూట ఎదురొచ్చే వాళ్లంతా మీకు లైట్లు కొడుతున్నారంటే వాళ్లకు కోపమొచ్చి కాదు, మీ హెడ్‌లైట్లు వాళ్ల కళ్లలోకి లేచాయి.

ఎంపిక

ఒకే మోడల్‌లో అన్ని హంగులూ ఉన్న వేరియంట్ తక్కువ మోస్తుంది. సన్‌రూఫ్, ఎలక్ట్రిక్ సీట్లు, అదనపు వరుస అన్నీ పేలోడ్‌ను తినేవే. అందుకే బ్రోషర్‌లోని అంకె పనికిరాదు, మీరు కొనబోయే ఆ ఒక్క వాహనం తలుపు దగ్గరి స్టిక్కరే ప్రమాణం. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం ఎక్కువున్నదీ, వెనుక ఇరుసు నుంచి హిచ్ బాల్‌కు (ట్రైలర్ కూర్చునే ఇనుప గుండు) దూరం తక్కువున్నదీ ట్రైలర్ ఊపును బాగా తట్టుకుంటుంది. పొట్టి వాహనానికి ఎంత బలమైన ఇంజిన్ ఉన్నా పొడవాటి ట్రైలర్ దాన్ని ఆడిస్తుంది. క్యాంపర్ ముఖం గోడలాంటిది, గాలి ఎదురుతోపు వేగం వర్గంతో పెరుగుతుంది. ఎంత వైశాల్యమున్న ముఖం లాగవచ్చో కొన్ని వాహనాల మాన్యువల్‌లో ఉంటుంది, ఎవరూ చదవరు. కొండదారులు ఎక్కేవారు టర్బో ఇంజిన్ చూసుకోవడం మంచిది. టర్బో లేనిది ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది.

స్ప్రింగులు మార్పిస్తే సరిపోతుందని మెకానిక్ చెబుతాడు. స్ప్రింగులకు తోడుగా పెట్టే గాలి సంచులూ (ఎయిర్ బ్యాగులు) అదనపు కమానులూ తోకను పైకి లేపుతాయి, అంతే. ఇరుసు, టైర్లు, బ్రేకులు పాతవే, పేలోడ్ అంకె అదే. బరువును ముందు ఇరుసుకూ పంచే హిచ్ తప్పక పెట్టించుకోండి, మీ వాహనం మాన్యువల్ ఒప్పుకుంటే. అది కూడా పేలోడ్‌ను ఒక్క కిలో పెంచదు.

ఇక వరుసగా చెబుతాను, వినండి. ఖాళీ బరువుతో లెక్క వేయకండి, ట్రైలర్‌పై రాసిన గరిష్ఠ బరువుతో వేయండి. వెనుక ఇరుసు పరిమితి విడిగా చూడండి, పేలోడ్ మిగిలినా అది దాటిపోవచ్చు. ట్రైలర్‌కు సొంత బ్రేకులు, వాటిని డ్రైవర్ సీటు నుంచి నొక్కే మీట లేకుండా కదలకండి. నీళ్ల ట్యాంకు ట్రైలర్ ఇరుసుకు ముందుందో వెనకుందో తెలుసుకోండి, వెనకుంటే నింపిన కొద్దీ హిచ్ భారం తగ్గుతుంది. బరువైన సామాను ట్రైలర్ తోకలో పెట్టకండి. హిచ్ భారం ఎక్కువైందని సరుకు వెనక్కి జరపడం అన్నిటికన్నా పెద్ద మూర్ఖత్వం. బాల్ సైజూ, దాని మీద కూర్చునే ట్రైలర్ ముక్కు (కప్లర్) సైజూ ఒకటేనా చూడండి. తగిలించాక ట్రైలర్ ముక్కును జాకీతో కొంచెం పైకెత్తండి, వాహనం తోక కూడా లేస్తేనే పట్టుకున్నట్టు. ట్రైలర్ ఊడినా పట్టుకునే గొలుసులను కప్లర్ కింద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి దాటేలా తగిలించండి. ఊగడం మొదలైతే వాహనం బ్రేకు తొక్కకండి, వేగం పెంచకండి, స్టీరింగ్ తిప్పి సరిచేయాలని చూడకండి. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, ట్రైలర్ బ్రేకు మీట మాత్రమే నొక్కండి. దిగుడు మొదలవకముందే గేరు తగ్గించండి. టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడే చూడండి. ట్రైలర్ టైర్ల తయారీ తేదీ చదవండి, అరగకపోయినా ముసలివవుతాయి.

షోరూంలో అమ్మకందారు లాగే అంకె చెబుతాడు. మోసే అంకె అడగండి. అతను మళ్లీ లాగే అంకే చెబుతాడు. మళ్లీ అడగండి. తలుపు తెరిపించి స్టిక్కర్ ఫోటో తీసుకోండి, ఇంటికొచ్చి కాగితం మీద కూడండి. అంతవరకూ అడ్వాన్సు ఇవ్వకండి.