అమెరికాలో కెరీర్ కాలేజీలో చేరే ముందు చూసుకోవలసినవి

ఒక వృత్తికి కావలసిన నైపుణ్యాలు నేర్పే ఈ కాలేజీల్లో ఆగస్టు ప్రవేశాలు దగ్గరపడుతున్నాయి. సంతకం పెట్టే ముందు ఈ నాలుగూ చూడండి.

• చేరినవారిలో ఎంతమంది కోర్సు పూర్తి చేశారు? అప్పు పత్రాలకన్నా ముందు తేల్చుకోవలసింది ఇదే. మధ్యలో మానేస్తే సర్టిఫికెట్ రాదు, తీసుకున్న ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) విద్యారుణం మాత్రం వడ్డీతో సహా మీ నెత్తినే ఉంటుంది.

• ఆ శాతాన్ని కాలేజీ కరపత్రంలో కాకుండా ప్రభుత్వ ‘కాలేజ్ నావిగేటర్’ సైటులో చూడండి. అక్కడ గడువుకు ఒకటిన్నర రెట్ల కాలం లెక్కిస్తారు, అంటే రెండేళ్ల కోర్సుకు మూడేళ్లు. పైగా అందులో మొదటిసారి కాలేజీలో, అదీ పూర్తికాల చదువుకు చేరినవారే ఉంటారు. ఉద్యోగం చేసుకుంటూ పాక్షికకాలం చదివేవారి సంగతి అది చెప్పదు. అది కాలేజీని విడిగా అడగండి, రాతపూర్వకంగా తీసుకోండి.

• మొదటి ఏడాది తరువాత ఎంతమంది తిరిగి వచ్చారు? ఈ శాతం తక్కువైతే కారణం కాలేజీ సిబ్బందిని కాదు, ప్రస్తుత విద్యార్థులను అడగండి.

• క్రెడిట్లు (పూర్తిచేసిన సబ్జెక్టులకు ఇచ్చే పాయింట్లు) మరో కాలేజీలో చెల్లుతాయా? మీరు మారాలనుకునే కాలేజీ చెప్పిన మాటే లెక్క. కాలేజీ మూతపడినా ఇదే ప్రశ్న ఎదురవుతుంది: 2016 సెప్టెంబరులో ఐటీటీ టెక్ అనే కెరీర్ కాలేజీల సంస్థ హఠాత్తుగా మూతపడినప్పుడు వేలమంది విద్యార్థులు చదువు మధ్యలో ఇరుక్కుపోయారు.