ప్యాడ్‌లోకి డప్పు ఎక్కించడం ఎలా?

ఈ ఏడాది నా చేతికి వచ్చిన కొత్త సామానులో నాకు బాగా నచ్చింది రోలాండ్ ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ ప్రో. కర్రతో కొడితే, లోపల ఎక్కించిన శబ్దం మోగే ఎలక్ట్రానిక్ ప్యాడ్ పెట్టె అది. కంపెనీ దాన్ని 2022లోనే తెచ్చింది గానీ, డబ్బు కూడబెట్టుకుని కొనడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. 9 ప్యాడ్లు, 32 జీబీ మెమరీ, స్టేజీ మీద చీకట్లో కూడా ఏ ప్యాడ్ ఏదో తెలిసేలా ఒక్కోదానికి మనకు నచ్చిన రంగు లైటు. దానిలోకి నేను మొదట ఎక్కించింది డప్పు.

1985లో రోలాండ్ మొదటి ఆక్టోప్యాడ్ తెచ్చింది. ఆ వరసలోనే వచ్చిన ఎస్‌పీడీ-20లో 700 శబ్దాలు ఉండేవి. పెళ్లి ఆర్కెస్ట్రా నుంచి భజన మండలి దాకా మన దగ్గర ఆ పెట్టె లేని చోటు లేదు. కానీ మన ఊళ్ల డప్పు కావాలంటే మనమే రికార్డు చేసి ఎక్కించుకోవాలి. ఎక్కిస్తున్నారు కూడా. నా బాధ అక్కడే. పదిమంది ఎక్కిస్తే ఎనిమిది మంది దగ్గర డప్పు ఆలస్యంగా మోగుతుంది, లేదా రేకు డబ్బా మీద కొట్టినట్టు ఉంటుంది. ప్యాడ్ మంచిది కాదని దాన్ని అమ్మేసిన వాళ్లను కూడా చూశాను. తప్పు ప్యాడ్‌ది కాదు, శబ్దాన్ని కోసిన తీరుది.

కావలసినవి

శాంపిళ్లు, అంటే మనం రికార్డు చేసిన శబ్దాలు తీసుకునే ప్యాడ్ ఏదైనా సరే. వేవ్ ఫైల్‌గా (శబ్దాన్ని కుదించకుండా) దాచే రికార్డర్ ఒకటి, లాప్‌టాప్, అందులో శబ్దాన్ని కోసే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ (ఉచితమే), ఒక పెన్‌డ్రైవ్, వైరు ఉన్న హెడ్‌ఫోన్. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పక్కన పెట్టేయండి. అది శబ్దాన్ని ఆలస్యం చేసి వినిపిస్తుంది, ఇక్కడ మనం తూచేది ఆలస్యాన్నే.

అన్నిటికంటే ముందు, డప్పు కొట్టడం వృత్తిగా ఉన్న కళాకారుడు ఒకరు కావాలి. డప్పు అద్దెకు తెచ్చి మీరే కొట్టుకోవద్దు. కుడిచేతిలో సిర్ర (లావు కర్ర), ఎడమచేతిలో చిటికెన పుల్ల (సన్న పుల్ల) పట్టి ఏళ్ల తరబడి కొట్టిన చేతికి, మన ప్యాడ్ చేతికి పోలికే లేదు. పూట కూలి ముందే మాట్లాడుకుని, పని మొదలుపెట్టకముందే ఇచ్చేయండి.

రికార్డింగ్

గదిలో వద్దు, ఊరి బయట చేయండి. గదిలో తీస్తే గోడల ప్రతిధ్వని శాంపిల్‌లోనే ఉండిపోతుంది. రేపు ఫంక్షన్ హాల్లో వాయించినప్పుడు ఆ హాలు ప్రతిధ్వని దానికి తోడవుతుంది. అప్పుడు డప్పు బావిలోంచి వినిపించినట్టు ఉంటుంది. తెల్లవారుజామున చేను గట్టు మీద, గాలి లేని రోజు చూసుకుని, మైకుకు స్పాంజి తొడుగు వేసి రికార్డు చేయండి.

నేను వాడేది 2024లో వచ్చిన జూమ్ హెచ్1 ఎసెన్షియల్. అది 32-బిట్ ఫ్లోట్‌లో, అంటే చిన్న శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ ఒకే ఫైల్‌లో చెడకుండా దాచే పద్ధతిలో రికార్డు చేస్తుంది కాబట్టి గెయిన్ (రికార్డింగ్ స్థాయి) పెట్టే టెన్షన్ ఉండదు. అలాగని మైకును డప్పుకు జానెడు దూరంలో పెట్టేయకండి. ఫైల్‌కు ఎంత శబ్దమైనా పడుతుంది గానీ, ఆ మైకు తట్టుకునేది 120 డెసిబెల్స్ వరకే. సిర్ర దెబ్బ దగ్గరగా పడితే మైకు దగ్గరే శబ్దం చిట్లిపోతుంది. చిట్లినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. మీటరు దూరం, డప్పు అంచు వైపు కాస్త పక్కకు. మామూలు రికార్డర్ అయితే అతి పెద్ద దెబ్బ రికార్డర్ మీటర్‌లో మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ మాత్రం వద్దే వద్దు. అది మాట కోసం చేసింది. పెద్ద దెబ్బను అణచి, దాని వెనక వచ్చే మోతను పైకి లేపుతుంది.

డప్పును మంట దగ్గర కాచిన వెంటనే మొదలుపెట్టండి. తోలు బిగిసి ఉన్నప్పుడు వచ్చే కంగు, పది నిమిషాలు పోయాక ఉండదు. మొదటిసారి నాకు ఇది తెలియక సిర్ర దెబ్బలన్నీ ముందు తీసి, పుల్ల దెబ్బలు చివర్లో తీశాను. ఇంటికొచ్చి వింటే రెండూ రెండు వేర్వేరు డప్పుల్లా ఉన్నాయి. ఇప్పుడు నాకు డప్పు కొట్టిపెట్టే మా పెద్దాయనే మధ్యలో చెయ్యి ఆపి, తోలు మీద వేలితో ఒకసారి తట్టి చూసి, "సల్లబడ్డది బిడ్డా, మల్ల కాపాలె" అంటారు. ఆయన ఆపినప్పుడల్లా నేనూ ఆపేస్తాను.

దరువు మొత్తం కొట్టించి దాన్నే లూప్‌గా, అంటే మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టుకోవడం చాలామంది చేసే పని. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. ఊరేగింపులో పాట ఒక వేగంతో మొదలై, గుడి దగ్గరికి వచ్చేసరికి ఇంకో వేగానికి పోతుంది. గాయకుడు ఉత్సాహంలో పల్లవి మూడుసార్లు పాడతాడు. లూప్‌కు అదేమీ తెలియదు. విడి దెబ్బలు పెట్టుకుంటే దరువు మీ చేతిలో ఉంటుంది. సిర్ర దెబ్బ గట్టిగా ఒకటి, మెల్లగా ఒకటి. చిటికెన పుల్లదీ అంతే. రెండూ కలిపి కొట్టినది ఒకటి. తోలు మీద అరచెయ్యి పెట్టి మోత ఆపినది ఒకటి. ఒక్కొక్కటి పన్నెండు సార్లు కొట్టించండి. ప్రతి దెబ్బ మోత పూర్తిగా ఆరిపోయాకే తర్వాతది. ఏ దెబ్బ కొట్టబోతున్నారో ముందుగా నోటితో చెప్పమనండి, ఇంటికి వచ్చాక వెతుక్కోనక్కర్లేదు.

కోత

ఇక్కడ నిదానించండి. మిగతా పనంతా ఒక పూటలో అయిపోతుంది. ఈ ఒక్క పనికి నేను రెండు రాత్రులు తీసుకుంటాను.

ప్యాడ్ మీద కర్ర పడగానే పెట్టె ఆ ఫైల్‌ను మొదటి నుంచి వాయిస్తుంది. ఫైల్ మొదట్లో ఖాళీ ఉంటే ముందు ఆ ఖాళీనే వాయిస్తుంది. 44,100 రేటు అంటే శబ్దాన్ని సెకనుకు అన్ని చుక్కలుగా కొలవడం, ఆ ఒక్కో చుక్కనూ శాంపిల్ అనే అంటారు. ఆ రేటులో తీసిన ఫైల్‌లో 441 శాంపిళ్ల ఖాళీ అంటే 10 మిల్లీసెకన్లు. చెవికి అది ఖాళీగా వినిపించదు. కానీ 10 దాటితే చేతికి తెలిసిపోతుంది, బురదలో నడిచినట్టు ఉంటుంది. వాయించేవాడు తెలియకుండానే ముందుకు పరిగెత్తి దెబ్బ వేయడం మొదలుపెడతాడు, దాంతో తాళం పోతుంది.

నాకు ఇది తెలిసింది ఒక బోనాల స్టేజీ మీద. ఎవరి దగ్గరో కొన్న పెన్‌డ్రైవ్‌లోంచి డప్పు శబ్దాలు ఎక్కించుకుని వెళ్లాను. మూడో పాటలో గాయకుడు రెండుసార్లు వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. నాలుగో పాటకు నన్ను ఆపమని సైగ చేశాడు. ఇంటికి వచ్చి ఆ ఫైళ్లు తెరిచి చూస్తే అవన్నీ ఎంపీ3 నుంచి వేవ్‌కు మార్చినవి. ఎంపీ3 తయారుచేయడానికి ఎక్కువమంది వాడే లేమ్ ఎన్‌కోడర్ అనే సాఫ్ట్‌వేర్ ఫైల్ ముందు 576 శాంపిళ్ల ఖాళీ చేరుస్తుంది. విప్పేటప్పుడు మరో 529 కలుస్తాయి. మొత్తం 1105, అంటే 25 మిల్లీసెకన్లు. నిమిషానికి 140 వేగంలో నడిచే పాటలో ఒక బీట్‌ను నాలుగు చేస్తే ఒక్కో ముక్క సుమారు 107 మిల్లీసెకన్లు. అందులో పావు వంతు అక్కడే పోయింది. అందుకే ఎంపీ3 నుంచి వచ్చిన శబ్దం, వాట్సాప్‌లో పంపించుకున్న శబ్దం, వీడియోలోంచి లాగిన శబ్దం ఏదీ వాడకండి.

సరే, ఆడాసిటీలో ఒక సిర్ర దెబ్బ తెరవండి. శాంపిళ్లు విడివిడి చుక్కలుగా కనిపించేదాకా పెద్దది చేసుకుంటూ పోండి. ముందు మధ్యగీత మీద ఇంచుమించు చదునుగా ఉంటుంది. ఆ తర్వాత సన్నని వణుకు, దాని తర్వాత ఒక్కసారిగా కొండ. చూడగానే కొండ మొదట్లో కోయాలనిపిస్తుంది. కోయకండి. ఆ సన్నని వణుకే కర్ర తోలును తాకిన క్షణం. అది పోతే "దబ్" అనాల్సిన దెబ్బ "టక్" అంటుంది, రేకు డబ్బా శబ్దం వచ్చేది దీనివల్లే. అలాగని వణుకుకు ముందున్న చదును వదిలేస్తే ఆలస్యం. వణుకు మొదలయ్యే చోట కర్సర్ పెట్టి, అక్కడి నుంచి ఎడమకు 1 మిల్లీసెకను, అంటే 44 శాంపిళ్లు జరపండి. నేను అంతకంటే ఎక్కువ వదలను, తక్కువా వదలను.

ఇప్పుడు ఫైల్ మొదటి నుంచి ఆ కర్సర్ దాకా సెలెక్ట్ చేసి జెడ్ బటన్ నొక్కండి. సెలెక్షన్ అంచు, అల మధ్యగీతను దాటే దగ్గరి చోటుకు వెళ్లి కూర్చుంటుంది. అల పైన ఉండగానో కింద ఉండగానో కోస్తే ప్రతి దెబ్బకు ముందు సన్నగా "టిక్" అని వస్తుంది. ఇంట్లో చిన్న స్పీకర్‌లో అది వినపడదు. స్టేజీ మీద పెద్ద బాక్సుల్లో అది తప్ప ఇంకేమీ వినపడదు. జెడ్ నొక్కాక అంచు ఎటు జరిగిందో చూడండి. ఒక్కోసారి కుడికి జరిగి వణుకులోకి పోతుంది. అలా జరిగితే కర్సర్‌ను ఇంకాస్త ఎడమకు తెచ్చి మళ్లీ నొక్కండి. ఆ తర్వాతే డిలీట్.

ఈ కొలత ప్రతి దెబ్బకూ ఒకటే ఉండాలి. పుల్ల దెబ్బలో వణుకు కనిపించేది చాలా తక్కువ, కొండ వెంటనే లేస్తుంది. సిర్ర దెబ్బ కాస్త నింపాదిగా లేస్తుంది. కొండ శిఖరాన్ని చూసి కొలిస్తే రెండూ రెండు చోట్ల పడి, దరువు కుంటుతుంది. రెండింటిలోనూ వణుకు మొదలునే గుర్తుగా పెట్టుకోండి.

ప్యాడ్‌లోనే స్టార్ట్ పాయింట్ మార్చుకోవచ్చు కదా అని అడుగుతారు. మార్చుకోవచ్చు. కానీ ఆ చిన్న తెరమీద కొండ కనిపిస్తుంది, వణుకు కనిపించదు. ఆటోమేటిక్‌గా ఖాళీని కోసే సాఫ్ట్‌వేర్లు కూడా శబ్దం ఒక హద్దు దాటాకే కోస్తాయి, వణుకు ఆ హద్దు కిందే ఉంటుంది. ఎన్ని దెబ్బలున్నా చేత్తోనే కోయండి.

ఫైల్ చివర మోతను మధ్యలో తెంపకుండా ఫేడ్ అవుట్ చేయండి. 44,100 రేటు, 16-బిట్ వేవ్‌గా దాచి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి ప్యాడ్‌లోకి ఇంపోర్ట్ చేసుకోండి.

కోత సరిగ్గా పడిందా?

దీనికి మీ చెవిని ఒక్కదాన్నే నమ్మవద్దు. ఒకే ప్యాడ్ మీద రెండు శబ్దాలు పెట్టండి, కంపెనీ ఇచ్చిన రిమ్ షాట్ లాంటి పదునైనది ఒకటి, మీ డప్పు ఒకటి. రెండూ కలిసి మోగేలా పెట్టి ఒక్క దెబ్బ వేయండి. ఒకే దెబ్బలా వినిపిస్తే కోత సరిపోయింది. "ట-దబ్" అని విడిపోతే మళ్లీ ఆడాసిటీకి వెళ్లండి. నేను ప్రతి ఫైల్‌నూ ఇలాగే పరీక్షిస్తాను. పదిహేను ఫైళ్లలో కనీసం మూడు వెనక్కి వస్తాయి.

ప్యాడ్ల మీద అమర్చడం

ఒక్కో ప్యాడ్ మీద గట్టి దెబ్బ, మెల్లని దెబ్బ రెండూ పెట్టి, కర్ర బలాన్ని బట్టి మారేలా సెట్ చేయండి. మెల్లగా కొట్టిన డప్పు అంటే గట్టి దెబ్బకు వాల్యూమ్ తగ్గించడం కాదు, దాని రంగే వేరు. మోత ఆపిన దెబ్బను సిర్ర దెబ్బతో ఒకే మ్యూట్ గ్రూప్‌లో (ఒకటి మోగగానే రెండోది ఆగిపోయే జతలో) వేస్తే, నిజం డప్పు మీద చెయ్యి పెట్టినట్టే మోత ఆగుతుంది. సిర్ర కుడివైపు, పుల్ల ఎడమవైపు. ఎడమచేతి వాటం వాళ్లు తప్ప ఇంకెవరూ దీన్ని మార్చకూడదు. రివర్బ్ (ప్యాడ్ తనంతట కలిపే ప్రతిధ్వని) పూర్తిగా తీసేయండి.

కార్యక్రమానికి వారం ముందే అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసుకుని, ప్యాడ్‌ను డప్పు కొట్టిన పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లండి. మీరు వాయించి చూపించవద్దు, కర్రలు ఆయన చేతికే ఇవ్వండి. మా పెద్దాయన మొదట ఒక వేలితో ప్యాడ్ రబ్బరును నొక్కి చూశారు. తర్వాత కర్రలను మధ్యకు పట్టుకుని తన దరువు ఒకటి ఎత్తుకున్నారు. రెండో ఆవర్తనంలోనే ఆగి, పుల్ల దెబ్బ సిర్రకంటే పైకి తేలుతోందన్నారు. నేను దాని వాల్యూమ్ కొంచెం తగ్గించాను. మళ్లీ ఎత్తుకున్నారు, ఈసారి ఆపలేదు.